విరామ చిహ్నాలు: వ్యాకరణమా, ఒడంబడికా?

వాక్యంలో కామా పడవలసిన చోట పడకపోతే అది వ్యాకరణ దోషమా? “వారు వచ్చాడు” అని వ్రాయడం ఎటువంటి తప్పో, ప్రశ్నార్థకం మరచిపోవడం కూడా అటువంటి తప్పేనా? తప్పే అయితే ఆ తప్పు వ్రాసినవాని, చదివినవాని ఇష్టాయిష్టాలకు అతీతమైన వాస్తవమా? లేక ఎవరో కొందరు ఒక కాలంలో ఏర్పరచుకున్న ఆచారమా? మన పాఠశాలల్లోను, పత్రికా కార్యాలయాల్లోను ఈ ప్రశ్న తరచు లేస్తుంది, తరచు తేలకుండానే పోతుంది. ఒకవైపు ఎర్రసిరాతో ప్రతి కామానూ దిద్దే ఉపాధ్యాయుడున్నాడు. మరొకవైపు, నియమాలన్నీ పాలకవర్గం కల్పించినవే గనుక కామాలూ బిందువులూ అక్కరలేదని వాదించే ఉత్సాహవంతుడైన విద్యార్థి వున్నాడు. ఈ ఇద్దరి వాదనలోనూ కొంత నిజం వుంది. అయితే ఇద్దరూ వదిలిపెట్టినది ఒకటి వుంది: చరిత్ర.

ఈ ప్రశ్నను పుస్తకాల అలమరలో కాక జనం నడుమ పెట్టి చూడాలి. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రహదారి మీద, రామచంద్రాపురానికి పటాన్‌చెరువుకు నడుమ వున్న బీరంగూడనే తీసుకుందాం. 1960లలో రామచంద్రాపురంలో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం, ఆ తర్వాతి దశకాలలో పటాన్‌చెరువు, పాశమైలారం పారిశ్రామికవాడలు వెలిశాయి. మెదక్ పల్లెల నుంచీ, కోస్తా జిల్లాల నుంచీ, బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచీ జనం పనికోసం ఇక్కడికి వచ్చారు. బీరంగూడ కమాను దగ్గర ఒక అరగంట నిలబడితే రెండు మూడు విధాల తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఒడియా చెవిన పడతాయి. కాని పిల్లవాని పరీక్షపత్రానికీ, కార్మికుని అర్జీకీ, ఫ్యాక్టరీ గేటు దగ్గరి నోటీసుకూ ప్రమాణం ఒకటే: అచ్చుభాష. ఆ అచ్చుభాషలో ఏది నిజమైన తప్పు, ఏది పేరుకు మాత్రం తప్పు అన్న విచక్షణ లేకపోతే నష్టపోయేది ఎవరు? భాషను పుట్టుకతో తెచ్చుకొని, అచ్చు ఆచారాన్ని మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నవాడే.

మొదట వ్యాకరణ దోషం అంటే ఏమిటో నిర్ణయించుకుందాం. ఒక సులువైన పరీక్ష వుంది. అక్షరం ముక్క రాని ముసలమ్మ దగ్గర “నేను రేపు పోయాడు” అనండి. ఆమె నవ్వుతుంది, వెంటనే సరిదిద్దుతుంది. ఆమెకు కర్త, క్రియ, పురుష అన్న మాటలు తెలియవు, కాని వాటి సంబంధం తెలుసు. ఇది ఆమె ఒక్కర్తె అభిప్రాయం కాదు, ఆ భాష మాట్లాడే సమాజమంతా ఆమెతో ఏకీభవిస్తుంది. ఈ అర్థంలో అది వాస్తవమైన, వస్తుగతమైన దోషం. ఇదే పరీక్షను సంగారెడ్డి పల్లెలో చేస్తే మరో సంగతి కూడా తేలుతుంది. “వాడు వచ్చిండు” అంటే అక్కడ ఎవరూ దిద్దరు, “ఆమె వచ్చిండు” అంటే అందరూ దిద్దుతారు. అంటే తెలంగాణ పలుకుబడికి దాని వ్యాకరణం దానికుంది. దానిని తప్పుల మూట అన్న పాఠ్యపుస్తకం వ్యాకరణం చెప్పలేదు, ఒక ప్రాంతపు, ఒక వర్గపు ఆధిక్యాన్ని చెప్పింది.

ఇప్పుడు ఆ ముసలమ్మ దగ్గర కామా లేని వాక్యాన్ని చదవండి. ఆమె ఏ తప్పూ పట్టుకోలేదు, ఎందుకంటే కామా చెవికి వినబడేది కాదు. వినబడేది విరామం, స్వరం. విరామం భాషకు చెందినది, విరామ చిహ్నం వ్రాతకు చెందినది. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్లనే మన వివాదంలో సగం చిక్కు పుట్టింది.

చరిత్ర ఈ తేడానే బలపరుస్తుంది. తెలుగు శాసనాలు 6వ శతాబ్దం నుంచి లభిస్తున్నాయి. రాతి మీద అక్షరాలు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. మాటకూ మాటకూ నడుమ ఖాళీ లేదు, కామా లేదు, ప్రశ్నార్థకం లేదు. పొట్టళకెరె అన్న పేరుతో 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల రాజనివాసాల్లో ఒకటిగా వెలిగిన పటాన్‌చెరువుకూ ఇది కొత్త సంగతి కాదు. ఆనాటి శాసనం కన్నడంలో వున్నా, తెలుగులో వున్నా, సంస్కృతంలో వున్నా వ్రాత పద్ధతి ఇదే. తాటాకు ప్రతుల్లోనూ అంతే. పద్యం ముగిసిన చోట ఒక నిలువుగీతో రెండు గీతలో, పక్కన ఒక అంకె వుంటాయి. అవి పద్యం హద్దును చెబుతాయి గాని వాక్యం హద్దును చెప్పవు. పద్యపాదం ఒకచోట ఆగితే వాక్యం మరొకచోట ఆగుతుంది. వాక్యాన్ని విడదీసి చెప్పే బాధ్యత పురాణం చెప్పే పౌరాణికునిది, బడిలో పంతులుది. వ్రాత కొద్దిమంది చేతిలో వుండి, చదువు గొంతెత్తి చదవడంగా వున్నంతకాలం ఈ ఏర్పాటు సరిపోయింది. చిహ్నం చేయవలసిన పనిని ఒక మనిషి చేశాడు. ఆ మనిషి ఎవరో, ఎవరికి చదివి వినిపించేవాడో, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టేవాడో మనకు తెలియనిది కాదు.

ఐరోపాలోనూ పరిణామం ఇదే దారిన నడిచింది. క్రీస్తుకు పూర్వం 3, 2 శతాబ్దాల నడుమ అలెగ్జాండ్రియాలో అరిస్టోఫేనిస్ అనే పండితుడు గ్రీకు గ్రంథాలలో చుక్కలు పెట్టాడని చెబుతారు. ఎంతసేపు ఆగాలో గొంతెత్తి చదివేవానికి తెలియడం కోసం అవి పుట్టాయి. 1490లలో వెనీసులోని ఆల్డస్ మానుటియస్ ముద్రణాలయం నేటి రూపానికి దగ్గరైన కామాను, సెమీకోలన్‌ను వాడకంలోకి తెచ్చింది. అచ్చుయంత్రం ఒకే పుస్తకాన్ని వందలమందికి అందించింది. వారందరి పక్కనా ఒక పంతులు కూర్చోలేడు. కాబట్టి పంతులు గొంతులోని విరామాన్ని అచ్చుదిమ్మెగా పోతపోశారు. ఇంగ్లీషు వ్యాకరణం మీద 1795లో లిండ్లే మర్రే వ్రాసి, తరతరాల బడిపిల్లల చేత వల్లెవేయించిన పుస్తకంలో సైతం విరామచిహ్నాల చోటు వాక్యనిర్మాణ భాగంలో లేదు, ఉచ్చారణ, ఛందస్సులు చర్చించే భాగంలో వుంది. వ్యాకరణకర్తలకే దీని స్థానం ఎక్కడో తేలలేదన్నమాట.

తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ వేయించినవి. 19వ శతాబ్దంలో మిషనరీల ముద్రణలు, బడిపుస్తకాలు, తర్వాత పత్రికలు ఇంగ్లీషు చిహ్నాలను తెలుగు పుటల మీదికి తెచ్చాయి. అదే కాలంలో, 1858లో, పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియ, కృదంత, ప్రకీర్ణకాలుగా పది పరిచ్ఛేదాలు. తెలుగు పండితలోకాన్ని ఒక శతాబ్దం పాటు శాసించిన ఈ గ్రంథంలో కామా గురించి పరిచ్ఛేదం లేదు. సూరి అచ్చుపుస్తకాలు ఎరగనివాడు కాదు. మద్రాసులో పండితుడుగా వుండి, 1853లోనే నీతిచంద్రికను అచ్చులో చూచినవాడు. ఆయన దృష్టిలో అది వ్యాకరణ విషయం కాదు, అంతే. ఈనాడు వ్యాకరణం పేరిట కామాను సమర్థించే వారికి ఈ విషయంలో చిన్నయసూరి తోడు రాడు.

తెలుగు ఈ చిహ్నాలు లేకుండా ఇన్ని శతాబ్దాలు ఎలా నడిచింది? తెలుగు వాక్యానికి లోపలే వున్న ఏర్పాట్ల వల్ల నడిచింది. ఇంగ్లీషులో కామా చేసే పనుల్లో పెక్కింటిని తెలుగులో ప్రత్యయాలు చేస్తాయి. క్రియ వాక్యం చివర నిలిచి, ఇక్కడితో ముగిసిందని చెబుతుంది. “వచ్చాడా” అన్న దీర్ఘంలోనే ప్రశ్న వుంది, చివరి గుర్తు దానిని రెండోసారి చెప్పడమే. “అని” అన్న చిన్నమాట ఒకరి పలుకు ముగిసిన చోటును చూపుతుంది. “అన్నయ్యా తమ్ముడూ చెల్లెలూ వచ్చారు” అన్నప్పుడు ఒక్కొక్క దీర్ఘమూ ఒక్కొక్క కామా. పత్రికల తెలుగు ఈ దీర్ఘాలను వదిలి, “అన్నయ్య, తమ్ముడు, చెల్లెలు వచ్చారు” అని వ్రాయడం మొదలుపెట్టేసరికి కామా తప్పనిసరి అయింది. అంటే వాక్యం తీరు మారినప్పుడు చిహ్నం అవసరమూ మారింది. అవసరం వాక్యంతో మారేదైతే దానిని శాశ్వత నియమం అనడానికి వీలులేదు.

పటాన్‌చెరువు కర్మాగారాల్లో హిందీ మాట్లాడే కార్మికులు వేలమంది. వారి భాషలో కామా పాఠానికి అందరూ చెప్పే ఉదాహరణ ఒకటుంది: “రోకో మత్ జానే దో”. “రోకో” తర్వాత ఆగితే “ఆపు, పోనివ్వకు” అని అర్థం. “మత్” తర్వాత ఆగితే “ఆపకు, పోనివ్వు” అని అర్థం. ఒక్క కామా మనిషిని ఆపుతుంది, లేదా వదిలిపెడుతుంది. ఈ తమాషా తెలుగులో సాగదు. తెలుగు వ్యతిరేకార్థం క్రియలో కలిసిపోతుంది. “ఆపకు పోనివ్వు” అన్న వాక్యంలో కామాను ఎక్కడ పెట్టినా, అసలు పెట్టకపోయినా, “ఆపకు” అన్నది “ఆపు”గా మారదు. ఒకే కర్మాగారంలో, ఒకే గోడమీద, ఒక భాషలో ప్రాణాధారమైన చిహ్నం మరొక భాషలో అలంకారం మాత్రమే. ఒక భాషకు తయారైన చిహ్నాల పట్టికను మరొక భాష నెత్తిన యథాతథంగా పెట్టి, దానిని నిరపేక్ష సత్యమనడం అశాస్త్రీయం.

అయితే తెలుగుకు ఏ చిహ్నమూ అక్కరలేదని తేల్చడం తొందరపాటు. “అని” పలుకు ముగింపును చూపుతుంది, ఆ పలుకు మొదలైన చోటును చూపదు. ఒక కాంట్రాక్టు కార్మికుని మీద చార్జిషీటు ఇచ్చి ఎంక్వయిరీ పెట్టారనుకుందాం. అతని వాంగ్మూలంలో గుమాస్తా ఇలా వ్రాశాడు: సూపర్‌వైజరు నేను తప్పు చేశానని చెప్పాడు. ఎవరు చేశారు తప్పు? “నేను తప్పు చేశాను” అని సూపర్‌వైజరే ఒప్పుకున్నాడా? వాంగ్మూలమిచ్చిన కార్మికుడే తప్పు చేశాడని సూపర్‌వైజరు ఆరోపించాడా? తెలుగు వాక్యరచన రెండు అర్థాలనూ ఒప్పుకుంటుంది. మాట్లాడేటప్పుడు కార్మికుని గొంతు, చేతి సైగ అర్థాన్ని నిర్ణయించాయి. కాగితం మీద గొంతు లేదు, సైగ లేదు. ఆరునెలల తర్వాత ఫైలు చదివే అధికారికి మిగిలేది ఈ ఐదు మాటలే. ఇక్కడ రెండు ఉద్ధరణ చిహ్నాలు లేకపోవడం ఒక కుటుంబం కూడుకు సంబంధించిన విషయం. “తాను తప్పు చేశానని” అని వ్రాసినా, “నేను తప్పు చేశానని సూపర్‌వైజరు చెప్పాడు” అని మాటలను అటూఇటూ మార్చినా సందేహం చాలావరకు తీరుతుంది. భాష చేతిలో సాధనాలు అనేకం వున్నాయి, చిహ్నం వాటిలో ఒకటి. ఏ సాధనాన్నీ వాడకుండా రెండర్థాలు మిగల్చడమే ఇక్కడి దోషం. దాని పేరు వ్యాకరణ దోషం కాదు, అర్థదోషం.

మాటల నడుమ ఖాళీ కూడా అచ్చు తెచ్చిన చిహ్నమే. “కానివాడు రాలేదు” అంటే పరాయివాడు రాలేదని, “కాని వాడు రాలేదు” అంటే అయినా అతను రాలేదని. శాసనకాలంలో ఈ రెంటికీ రాతిమీద తేడా లేదు. ఈనాడు వుంది, ఎందుకంటే ఈనాటి పాఠకుడు ఆ ఖాళీని చూచి అర్థం చేసుకోవడానికి అలవాటు పడ్డాడు.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఎలా నడిచాయో చూస్తే సమస్య మరింత స్పష్టపడుతుంది. మన సుప్రీంకోర్టు 1952లో, న్యాయవాదుల హక్కులకు సంబంధించిన ఒక కేసులో, చట్టానికి అర్థం చెప్పేటప్పుడు విరామచిహ్నం చిన్న అంశమేననీ, స్పష్టమైన అర్థాన్ని అది మార్చలేదనీ భావించింది. అదే న్యాయస్థానం, 1979 నివేదికలలో అచ్చయిన మరొక తీర్పులో, 1940 నాటి మందుల చట్టంలోని 27వ సెక్షన్‌ను పరిశీలిస్తూ కామా లేకపోవడాన్నే ఆధారం చేసుకుంది. ఆ సెక్షన్ ఇంగ్లీషు పాఠంలో, నిలవచేయడం అన్న మాట తర్వాత కామా లేదు. కాబట్టి “అమ్మకానికి” అన్న విశేషణం నిలవచేయడానికి కూడా వర్తిస్తుందనీ, అమ్మకం ఉద్దేశం రుజువు కాకుండా మందులు దగ్గర వుండడమొక్కటే ఆ సెక్షన్ కింద నేరం కాదనీ నిర్ణయించింది. పటాన్‌చెరువు పరిసరాల్లో మందుల ఫ్యాక్టరీలు ఎన్ని వున్నాయో ఎరిగినవారికి ఈ కామా విలువ వేరే చెప్పనక్కరలేదు. రెండు తీర్పులూ పరస్పర విరుద్ధంగా కనబడినా లోపలి సూత్రం ఒకటే: సందర్భం అర్థాన్ని తేల్చినప్పుడు చిహ్నం బలహీనం, తేల్చనప్పుడు చిహ్నం బలవత్తరం.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాల కంపెనీ డ్రైవర్ల కేసు కార్మికులు గుర్తుంచుకోదగినది. పాడైపోయే ఆహార పదార్థాలకు సంబంధించిన కొన్ని పనులకు అక్కడి చట్టం ఓవర్‌టైము వేతనాన్ని మినహాయించింది. ఆ పనుల జాబితా చివర, “రవాణాకోసం” అన్న మాటకూ “లేక పంపిణీ” అన్న మాటకూ నడుమ కామా లేదు. పంపిణీ అన్నది వేరే పనా, లేక రవాణాకోసమో పంపిణీకోసమో మూటకట్టడం మాత్రమేనా? డ్రైవర్లు పంపిణీ చేస్తారు, మూటలు కట్టరు. 2017లో అప్పీలు కోర్టు ఈ వాక్యం సందిగ్ధమని చెప్పి డ్రైవర్ల పక్షాన నిలిచింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఇక్కడ డ్రైవర్లు గెలిచినది వ్యాకరణ సూత్రం వల్ల కాదు. చివరి కామా పెట్టాలా వద్దా అన్న విషయంలో ఇంగ్లీషువారికే ఏకాభిప్రాయం లేదు. సందిగ్ధత వున్నప్పుడు కార్మికరక్షణ చట్టాన్ని కార్మికునికి అనుకూలంగా చదవాలన్న సూత్రం వల్ల గెలిచారు. ఆ సూత్రం కార్మికోద్యమాల పోరాటం నుంచి వచ్చినదే గాని వ్యాకరణం నుంచి వచ్చినది కాదు.

మనదేశంలోనూ 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, పని నియమాలను ఇంగ్లీషులోను, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోను గేటు దగ్గర బోర్డు మీద ప్రకటించాలని యజమానిని నిర్బంధించింది. తర్వాత 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ విషయాలను తనలో కలుపుకున్నది. చట్టం ఏ పేరుతో వున్నా సమస్య మాత్రం మిగిలే వుంది. “రాత్రి షిఫ్టులో పనిచేసే ఆపరేటర్లు, హెల్పర్లు, డ్రైవర్లకు భత్యం” అన్న నియమంలో రాత్రి షిఫ్టు ఆపరేటర్లకేనా, ముగ్గురికీనా? ఎన్ని కామాలు పెట్టినా ఇది తేలదు. “డ్రైవర్లకూ, హెల్పర్లకూ, రాత్రి షిఫ్టులో పనిచేసే ఆపరేటర్లకూ” అంటే తేలుతుంది. యజమాని పత్రంలో ఇటువంటి సందిగ్ధత వుంటే దానిని కుశలత అంటారు. అదే కార్మికుని అర్జీలో వుంటే దానిని చదువురానితనం అంటారు. తప్పును కొలిచే కొలబద్ద ఒకటే అయినప్పుడు ఈ రెండు పేర్లు ఎక్కడివి?

తప్పు అన్న మాటకు వర్గచరిత్ర వుందనడానికి అరసున్న, శకటరేఫాలకంటే మంచి సాక్ష్యం లేదు. ఒకప్పుడు అరసున్న వదిలితే విద్యార్థి తప్పాడు, పండితుడు పరువు పోగొట్టుకున్నాడు. చిన్నయసూరి గ్రంథంలో దానికి శాస్త్రపీఠమే వుంది. ఉచ్చారణలో ఎన్నడో మాసిపోయిన ఆ గుర్తును ఈనాటి పత్రికలు, పుస్తకాలు విడిచిపెట్టాయి. తెలుగుభాష మునగలేదు. 1910లలో గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికవాదులను ఎదుర్కొన్న తీరు ఇక్కడ స్మరణీయం. పిల్లల మీద రుద్దుతున్న గ్రాంథికాన్ని ఆ పండితులే నిర్దుష్టంగా వ్రాయలేకపోతున్నారని వారి రచనల నుంచే చూపించారు. 1914లో గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం కూడా ఆ పోరాటంలో భాగమే. నియమాన్ని శాసించేవాడే పాటించలేని నియమం, భాషాసత్యం కాజాలదు. అది గుమ్మం దగ్గర నిలబెట్టిన కాపలా మాత్రమే. 1918లో రష్యన్ వ్రాతలో మాటల చివర పలకని గుర్తును తొలగించిన సంస్కరణ కూడా ఇదే పాఠాన్ని చెబుతుంది.

మన ఉత్సాహవంతుడైన విద్యార్థి ఇక్కడ సంతోషించవచ్చు. కాని అతనికి కూడా చెప్పవలసినది వుంది. 1950లో సోవియట్ యూనియన్‌లో మార్ సిద్ధాంతం మీద జరిగిన చర్చలో, భాషను, వ్యాకరణాన్ని ఏదో ఒక వర్గపు సొత్తుగా చూడడం పొరపాటని తేలింది. మనిషి పెట్టుకున్న ఏర్పాటు కావడం వల్లనే ఒక సంగతి అవాస్తవం అయిపోదు. రహదారి మీద ఎడమవైపున నడపడం ప్రకృతి నియమం కాదు, అమెరికాలో కుడివైపున నడుపుతారు. అంతమాత్రాన బీరంగూడ కమాను దగ్గర లారీకి ఎదురుగా కుడివైపున పోయేవాడు బ్రతకడు. కూలి రేటు, తూకపురాయి, గడియారం అన్నీ మనుషుల ఏర్పాట్లే. అవి ఒక్కొక్క వ్యక్తి ఇష్టానికి వెలుపల వుండి అతని జీవితాన్ని నిర్ణయిస్తాయి. విరామచిహ్నం ఈ జాతికి చెందిన వాస్తవం. అది సామాజికంగా వస్తుగతం, చారిత్రకంగా మారేది.

చిహ్నాలు సామాన్య పాఠకుని పక్షాన పనిచేసిన ఘట్టాలు కూడా చరిత్రలో వున్నాయి. చైనాలో ప్రాచీన గ్రంథాలు చాలావరకు విరామాలు లేకుండా వుండేవి, వాటిని విడదీసి చదవడమే ఒక విద్య, ఆ విద్యే ఒక అధికారం. 1919 నాటి మే నాలుగు ఉద్యమకాలంలో హూ షీ మొదలైనవారు కొత్త విరామచిహ్నాలను ప్రతిపాదించారు, 1920లో విద్యాశాఖ వాటిని అమలులో పెట్టింది. వాడుకభాషతో పాటే అవీ వచ్చాయి. పైనుంచి దిగిన విదేశీ వస్తువు అక్కడ కోట తలుపు తెరిచే తాళంచెవి అయింది. మనకు కూడా పౌరాణికుని మధ్యవర్తిత్వం లేకుండా పుస్తకం చదువుకొనే స్వాతంత్ర్యాన్ని ఇచ్చినవాటిలో ఈ చుక్కలూ వున్నాయి.

ఇక ఆ చుక్కను పేర్చినవాని సంగతి. 1905 సెప్టెంబరులో మాస్కోలోని సీతిన్ ముద్రణాలయంలో కంపోజిటర్లు సమ్మె కట్టారు. పనిగంటలు తగ్గించాలనీ, వెయ్యి అక్షరాలకు ఇచ్చే కూలి పెంచాలనీ, లెక్కలో విరామచిహ్నాలను కూడా చేర్చాలనీ వారి కోరిక. ఈ చిన్న సమ్మె ఇతర ముద్రణాలయాలకు, కర్మాగారాలకు, రైల్వేలకు పాకింది. అక్టోబరునాటికి దేశమంతటా సార్వత్రిక సమ్మె అయి జారు ప్రభుత్వం చేత రాజ్యాంగ వాగ్దానాలు చేయించింది. కామా వ్యాకరణమా కాదా అని పండితులు తర్కిస్తూ వుండగా, అది తమ వేళ్ళతో ఎత్తి పెట్టిన సీసం అనీ, దానికి కూలి రావాలనీ ఆ కార్మికులకు తెలుసు. ప్రతి చిహ్నం వెనుకా ఒక శ్రమ వుంది: పేర్చేవాని శ్రమ, లేదా చదివేవాని శ్రమ. వ్రాసేవాడు బద్ధకించి వదిలిన కామా బరువు పాఠకుని తలమీద పడుతుంది. చదువుకోసం రాత్రిపూట అరగంట మాత్రమే మిగిలే పాఠకునికి ఆ బరువు ఎక్కువ.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానాన్ని మూడు తరగతులుగా చెప్పుకోవాలి. కర్తకు క్రియకు పొత్తు కుదరకపోవడం, విభక్తి తారుమారు కావడం వ్యాకరణ దోషాలు, ఇవి చెవికే తెలుస్తాయి. చిహ్నం లేకపోవడం వల్ల గాని, చోటు తప్పడం వల్ల గాని వాక్యానికి రెండర్థాలు రావడం అర్థదోషం. ఇది వాస్తవమైనదే, దీనిని దిద్దాలి, దిద్దే దారి చిహ్నమే కానక్కరలేదు. “కాని” తర్వాత కామా, జాబితాలో చివరి కామా, “వచ్చాడా” తర్వాత ప్రశ్నార్థకం మొదలైనవాటిలో అర్థం చెడనంతవరకు అది ఆయా పత్రికల, ముద్రణాలయాల ఆచారం. ఆచారాన్ని నేర్పవచ్చు, పాటించమని కోరవచ్చు. దాని పేరిట “భాష రాదు” అని ముద్ర వేయడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు.

ఉపాధ్యాయ మిత్రులు ఎర్రసిరా ఎత్తే ముందు ఈ మూడింటిలో ఏది దిద్దుతున్నారో తమను తాము ప్రశ్నించుకోవాలి. కార్మికుని బిడ్డ వ్రాసిన వ్యాసంలో మొదటి తరగతి తప్పులు చాలా తక్కువగా వుంటాయి, ఎందుకంటే భాష అతనిది. మూడో తరగతివే ఎక్కువ, ఎందుకంటే అచ్చుపుస్తకం అతని ఇంట్లో లేదు. ఈ రెంటినీ ఒకే మార్కుల కోతలో కలిపేయడం అన్యాయం. విద్యార్థి మిత్రులు సంఘం కరపత్రం వ్రాసేటప్పుడు, అర్జీ వ్రాసేటప్పుడు, వాంగ్మూలం కింద సంతకం పెట్టించేటప్పుడు రెండో తరగతిని మరువరాదు. ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎవరి పలుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా వ్రాసి, సంతకానికి ముందు గట్టిగా చదివి వినిపించాలి. విన్న కార్మికుడు “నేనన్నది అదే” అన్నప్పుడే ఆ కాగితంలోని చిహ్నాలు సరిగ్గా వున్నట్లు.